జీడి కాటా లెక్కలకు వీలుకప్, ఇఫ్: పట్టిక వేయడం నుంచి తప్పు పట్టుకోవడం దాకా

జీడి పిక్కల సీజన్ మొదలైందంటే పలాస, కాశీబుగ్గ, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొనుగోలు కొట్లలో ఎక్సెల్ షీటు మీద లెక్కలు రాసే పిల్లల నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. ప్రశ్నలు మాత్రం అవే. "కోడ్ కొడితే పేరు రావట్లేదు." "నిన్న బాగానే వచ్చింది, ఇవాళ ఎన్ఏ (దొరకలేదు) అంటోంది." "రేటు మార్చాను, పాత బిల్లులన్నీ మారిపోయాయి." ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ వరసలో పెడుతున్నాను. ఉదాహరణ జీడి కాటాదే అయినా ఎరువుల కొట్టుకి, పాల కేంద్రానికి, స్కూలు ఫీజులకి కూడా పద్ధతి ఇదే.

ముందుగా ఒక మాట. ఫార్ములాలను, రైతు కోడ్‌లను నేను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు షీటులో ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి. వీలుకప్ అంటే వి, ఎల్, ఓ, ఓ, కె, యు, పి; ఒక విలువను పట్టికలో వెతికి, అదే వరుసలోని ఇంకో గడిని తెచ్చేది. ఇఫ్ అంటే ఐ, ఎఫ్; షరతు నిజమైతే ఒకటి, కాకపోతే ఇంకొకటి చూపేది. ఎ2 అంటే మొదటి కాలమ్, రెండో వరుసలోని గడి. ఎక్సెల్‌లోనైనా గూగుల్ షీట్స్‌లోనైనా ఇందులోని ఫార్ములాలు పనిచేస్తాయి.

1. కీబోర్డు ముట్టుకోకముందు: "అదేనా? ఏ మెట్టు?"

ఒకచోటి విలువను పట్టుకుని ఇంకోచోట వెతికే పని రెండు రకాలు. ఏది ఏ రకమో తేల్చుకోకుండా ఫార్ములా రాయడం వల్లే సగం టెన్షన్ వస్తుంది.

మొదటిది "అచ్చంగా అదేనా?" అని వెతకడం. రైతు కోడ్ ఎం012 అయితే ఎం012 వరుసే కావాలి. ఎం011 దగ్గరగా ఉంది కదా అని అది ఇస్తే సొమ్ము ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఇక్కడ ఫార్ములా చివర ఫాల్స్ పెట్టాలి.

రెండోది "ఏ మెట్టులో పడుతుంది?" అని చూడడం. తేమ 9.2 ఉంటే, పట్టికలో 9.2 అనే వరుస ఉండదు. 8 నుంచి 10 లోపు మెట్టు ఉంటుంది. ఇక్కడ చివర ట్రూ పెట్టాలి.

వీలుకప్‌లో ఈ చివరి మాట రాయకుండా వదిలేస్తే అది ట్రూ అనే అనుకుంటుంది. అసలు ప్రమాదం ఇక్కడే. పట్టిక వరసలో లేకపోతే ట్రూ ఎర్రర్ కూడా చూపకుండా తప్పు పేరు తెచ్చి పెట్టేయగలదు. అందుకే వదిలేసే అలవాటు అసలు వద్దు. ప్రతిసారీ ట్రూనో ఫాల్సో చేత్తో రాయండి.

2. నాలుగు షీట్లు వేసుకోండి

అన్నీ ఒకే షీటులో కుక్కితే వారం తిరిగేసరికి ఏది ఎక్కడుందో తెలియదు.

- రైతులు: ఎ కాలమ్‌లో కోడ్, బిలో పేరు, సిలో ఊరు, డిలో బ్యాంకు ఖాతా.
- తరుగు (తేమ ఉన్నందుకు తూకంలో తీసేసేది): ఎలో తేమ, బిలో తరుగు శాతం.
- రేట్లు: ఎలో తేదీ, బిలో ఒకటో రకం, సిలో రెండో రకం.
- తూకాలు: రోజూ కాటా దగ్గర నింపేది. ఎ తేదీ, బి కోడ్, సి పేరు, డి ఊరు, ఇ రకం, ఎఫ్ కిలోలు, జి తేమ, హెచ్ తరుగు, ఐ రేటు, జె సొమ్ము.

తూకాల షీటులో మీరు చేత్తో కొట్టేవి తేదీ, కోడ్, రకం, కిలోలు, తేమ అంతే. మిగతా ఐదూ ఫార్ములాలు తెచ్చుకుంటాయి.

పట్టిక వేసేటప్పుడు చూసుకోవాల్సినవి:

☐ మొదటి వరుసలో శీర్షికలు మాత్రమే ఉండాలి. కొట్టు పేరు, "శ్రీరామజయం" లాంటివి పైన పెట్టాలనుకుంటే ప్రింటు తీసే హెడర్‌లో పెట్టండి.
☐ మెర్జ్ చేసిన (రెండు మూడు కలిపి ఒకటి చేసిన) గడులు ఉండకూడదు.
☐ మధ్యలో ఖాళీ వరుసలు ఉండకూడదు.
☐ అంకెల గడిలో అంకె మాత్రమే ఉండాలి. "480 కిలోలు", "రూ. 155" అని కొడితే షీటుకి అది అక్షరం, లెక్కకి పనికిరాదు. కిలోలు అన్న మాట శీర్షికలో ఉంటే చాలు.
☐ బ్యాంకు ఖాతా కాలమ్‌ని నింపకముందే టెక్స్ట్‌గా మార్చండి. అంకెగా వదిలేస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 15 అంకెలు దాటిన ఖాతా నంబరైతే ఎక్సెల్ ఆపైన ఉన్న అంకెలన్నిటినీ సున్నాలు చేసేస్తుంది. తర్వాత టెక్స్ట్‌గా మార్చినా పోయిన అంకెలు తిరిగి రావు.

3. పేరుతో కాదు, కోడ్‌తో వెతకండి

"కోడ్‌లెందుకండీ, పేర్లు ఉన్నాయి కదా" అని అందరూ అంటారు. ఒకే ఊళ్లో ముగ్గురు అప్పారావులు, ఇద్దరు సింహాచలాలు ఉండే ప్రాంతం మనది. ఒకే పేరు రెండుసార్లు ఉంటే వీలుకప్ పైనుంచి మొదట తగిలినదాన్ని ఇచ్చి ఆగిపోతుంది. రెండో అప్పారావు దానికి లేనట్టే.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఒకరు "అప్పారావు" అని, ఇంకొకరు "అప్పా రావు" అని కొడతారు. వాట్సాప్ నుంచి తెచ్చి అతికించిన పేరులో కంటికి కనపడని అక్షరం ఒకటి దూరి ఉండొచ్చు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన జాబితా అయితే తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి వేరే అక్షరాలు. యూనికోడ్‌లో (ఫోన్లలో వచ్చే మామూలు తెలుగులో) కొట్టిన పేరుతో అవి ఎప్పటికీ కలవవు.

అందుకని ఊరిని బట్టి ఒక అక్షరం, మూడంకెలు పెట్టి కోడ్ ఇవ్వండి. మందసకి ఎం, కవిటికి కె, వజ్రపుకొత్తూరుకి వి. ఎం001, ఎం002 అలా. ఓ అక్షరాన్ని మాత్రం వాడకండి, సున్నాతో కలిసిపోతుంది. ఒక రైతు మానేసినా ఆ కోడ్ ఇంకొకరికి ఇవ్వకండి.

కోడ్ రెండుసార్లు పడిందేమో చూడడానికి రైతుల షీటులో ఇ2 గడిలో ఇది పెట్టి కిందికి లాగండి:

=ఇఫ్(కౌంట్ఇఫ్($ఎ$2:$ఎ$300, ఎ2)>1, "రెండుసార్లు", "")

4. కోడ్‌లను కడిగి పెట్టండి

కళ్లకి ఒకేలా ఉన్న రెండు కోడ్‌లు షీటుకి వేరువేరు కావచ్చు. ఎక్కువసార్లు కారణం చివర పడిన ఖాళీ. "ఎం012" వేరు, "ఎం012 " వేరు.

అనుమానం వచ్చిన గడి మీద లెన్ పెట్టి చూడండి: =లెన్(ఎ2). ఎం012కి 4 రావాలి. 5 వస్తే ఎక్కడో ఒక అక్షరం దాక్కుంది.

=ట్రిమ్(ఎ2) పెడితే ముందు వెనకల ఖాళీలు పోతాయి. ట్రిమ్ పెట్టినా ఇంకా 5 వస్తుంటే అది మామూలు ఖాళీ కాదు, వెబ్ పేజీల నుంచి వచ్చే రకం. దానికి ఇది (క్యార్ అంటే సి, హెచ్, ఎ, ఆర్):

=ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(ఎ2, క్యార్(160), ""))

శుభ్రమైన కాలమ్‌ని కాపీ చేసి, పాత కాలమ్ మీద పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అతికించి, సాయం కోసం వేసిన కాలమ్‌ని తీసేయండి.

కోడ్‌లు ఉత్త అంకెలైతే ఇంకో బాధ. ఒక షీటులో 101 అంకెగా, ఇంకో షీటులో టెక్స్ట్‌గా ఉంటే అవి కలవవు. మీరు ఎటూ జరపని గడిలో అంకె కుడివైపు, టెక్స్ట్ ఎడమవైపు నిలబడుతుంది. కోడ్ ముందు ఊరి అక్షరం పెట్టమన్నది ఈ బాధ తప్పించడానికి కూడా.

5. పేరు, ఊరు తెచ్చుకోవడం

తూకాల షీటులో సి2 గడిలో:

=వీలుకప్(బి2, రైతులు!$ఎ$2:$డి$300, 2, ఫాల్స్)

దీన్ని మాటల్లో చదవండి: "బి2లో ఉన్న కోడ్‌ని రైతుల పట్టిక మొదటి కాలమ్‌లో వెతుకు, దొరికిన వరుసలో రెండో కాలమ్‌లో ఉన్నది తే, అచ్చంగా అదే దొరకాలి." ఊరు కావాలంటే డి2లో 2 బదులు 3.

షీటు పేరు చేత్తో కొట్టకండి. వీలుకప్(బి2, దాకా కొట్టి, మౌస్‌తో రైతుల షీటులోకి వెళ్లి పట్టిక ఎంచుకోండి. కోట్స్ అవసరమైతే అదే పెట్టుకుంటుంది. ఎంచుకున్న వెంటనే ఎఫ్4 నొక్కితే డాలర్ గుర్తులు పడతాయి.

ఆ డాలర్లు లేకపోతే ఏమవుతుందో చూడండి. ఫార్ములాని కిందికి లాగినకొద్దీ పట్టిక కూడా కిందికి జారుతుంది. రెండో వరుసలో ఎ2 నుంచి వెతికింది, యాభయ్యో వరుసలో ఎ50 నుంచి వెతుకుతుంది. పైన ఉన్న మొదటి రైతులు దానికి కనిపించరు. "పైన బాగానే వచ్చింది, కిందికి వచ్చేసరికి ఎన్ఏ" అని ఎవరన్నా నేను మొదట అడిగేది డాలర్ల గురించే.

6. తేమ తరుగు: ట్రూ పనికొచ్చే చోటు

తరుగు పట్టిక ఇలా అనుకుందాం. అంకెలు ఉదాహరణకే, మీ కొట్టులో ఒప్పుకున్నవి మీరు పెట్టుకోండి.

- 0 : 0
- 8 : 2
- 10 : 4
- 12 : వాపసు

ఎ కాలమ్‌లో ప్రతి అంకె ఆ మెట్టు ఎక్కడ మొదలవుతుందో చెబుతుంది. తేమ 9.2 అయితే 8 మెట్టులో ఉంది, తరుగు 2 శాతం. సరిగ్గా 10 ఉంటే 10 మెట్టులోకి వెళ్తుంది, తరుగు 4. "పది దాకా రెండే" అని మీరు రైతుతో ఒప్పుకుని ఉంటే పట్టికలో 10 బదులు 10.01 పెట్టండి. ఇది రైతుకి డబ్బు తేడా తెచ్చే చోటు, ముందే తేల్చుకోవాలి.

హెచ్2లో:

=ఇఫ్(జి2="", "", వీలుకప్(జి2, తరుగు!$ఎ$2:$బి$5, 2, ట్రూ))

మూడు జాగ్రత్తలు. పట్టిక చిన్నదాని నుంచి పెద్దదానికి వరసలో ఉండాలి. మొదటి మెట్టు 0 దగ్గరే మొదలవ్వాలి, లేకపోతే అంతకన్నా తక్కువ తేమకి ఎన్ఏ వస్తుంది. తేమ గడిలో శాతం గుర్తు కొట్టకూడదు. 9.2 శాతం గుర్తుతో కొడితే షీటు దాన్ని 0.092 అనుకుంటుంది, అది 0 మెట్టులో పడి తరుగే లేకుండా పోతుంది.

దీన్ని ఇఫ్ లోపల ఇఫ్ పెట్టి కూడా రాయొచ్చు. అయినా పట్టికే మేలంటాను. రేపు తరుగు మారితే ఒక గడి మారిస్తే సరిపోతుంది, ఫార్ములాలో బ్రాకెట్లు వెతుక్కోనక్కర్లేదు.

7. రేటు: పాత బిల్లులు మారకుండా

ఈ అంచెను తొందరపడకుండా చదవండి.

చాలామంది రేట్ల షీటులో ఒక్క గడి పెట్టి, రేటు మారినప్పుడు దాని మీదే కొత్త రేటు కొడతారు. నేనూ అలాగే చేశాను. ఒక సీజన్‌లో రేటు తగ్గిన రోజు పొద్దున్నే గడి మార్చాను. మధ్యాహ్నం ఒక రైతు నాలుగు రోజుల కిందటి చీటీ పట్టుకుని సొమ్ముకి వచ్చాడు. చీటీలో ఒక మొత్తం, షీటులో ఇంకో మొత్తం. ఆయన చీటీయే సరైనది. గడి మార్చగానే అప్పటిదాకా రాసిన ప్రతి బిల్లూ కొత్త రేటుకి మారిపోయింది. ఆ రోజు చీటీలన్నీ తిరిగి ముందేసుకుని రాత్రి దాకా సరిచేశాం.

అందుకని రేటుకి తేదీ ఉండాలి. పాత రేటు చెరపకూడదు, కింద కొత్త వరుస చేర్చాలి:

- ఏప్రిల్ 1 : 150, 140
- ఏప్రిల్ 8 : 155, 145
- ఏప్రిల్ 15 : 148, 138

తూకాల షీటులో ఐ2 గడిలో:

=వీలుకప్(ఎ2, రేట్లు!$ఎ$2:$సి$100, మ్యాచ్(ఇ2, రేట్లు!$ఎ$1:$సి$1, 0), ట్రూ)

ఏప్రిల్ 11 తూకానికి ఇది ఏప్రిల్ 8 వరుస పట్టుకుంటుంది. లోపలున్న మ్యాచ్ పని రకం ఏ కాలమ్‌లో ఉందో లెక్కపెట్టి చెప్పడం. ఒకటో రకం అయితే 2, రెండో రకం అయితే 3. మ్యాచ్ చివర సున్నా అంటే అచ్చంగా అదే అని అర్థం. మ్యాచ్‌కి ఇచ్చిన వరుస కూడా ఎ కాలమ్ నుంచే మొదలవ్వాలి. బి నుంచి మొదలుపెడితే లెక్క ఒకటి తగ్గి, రేటు చోట తేదీ వచ్చి కూర్చుంటుంది.

రకం గడికి (ఏం కొట్టొచ్చో కట్టడి చేసే) డేటా వాలిడేషన్‌లో లిస్ట్ పెట్టండి. ఎంచుకోవడమే ఉంటే స్పెల్లింగ్ తప్పు ఉండదు.

తేదీలు నిజంగా తేదీలేనా అన్నది కూడా చూడాలి. =ఈజ్‌నంబర్(ఎ2) పెడితే ట్రూ రావాలి. ఫాల్స్ వస్తే అది తేదీ రూపంలో ఉన్న అక్షరాలు. కొన్ని కంప్యూటర్లలో ముందు నెల, తర్వాత రోజు అని సెట్ అయి ఉంటుంది. అక్కడ 05-04 కొడితే మే 4 అయిపోతుంది. కొత్త కంప్యూటర్ మీద కూర్చున్నప్పుడు మొదట 25-04 కొట్టి, పక్క గడిలో =మంత్(ఎ2) పెట్టి 4 వస్తోందో లేదో చూసుకోండి.

8. సొమ్ము: ఇఫ్‌లను బయటి నుంచి లోపలికి

జె2లో:

=ఇఫ్(బి2="", "", ఇఫ్(కౌంట్(ఎఫ్2, జి2, ఐ2)<3, "చూడాలి", ఇఫ్(హెచ్2="వాపసు", "వాపసు", రౌండ్(ఎఫ్2*(1-హెచ్2/100)*ఐ2, 0))))

పొడుగ్గా ఉందని భయపడకండి. వరుస ఖాళీగా ఉందా? ఖాళీ వదిలెయ్. కిలోలు, తేమ, రేటు మూడూ అంకెలేనా? కాకపోతే "చూడాలి" అను. తేమ మరీ ఎక్కువా? "వాపసు" అను. ఇవేవీ కాకపోతే లెక్క కట్టు. ఈ వరస మార్చకండి.

ఏప్రిల్ 11న ఆరు బస్తాలు వచ్చాయనుకోండి. బస్తాకి 80 కిలోల లెక్కన 480 కిలోలు. ఒకటో రకం, తేమ 9.2. తరుగు 2 శాతం, అంటే 9.6 కిలోలు. మిగిలింది 470.4. రేటు 155. సొమ్ము 72,912. మీ షీటులో ఇదే అంకె రావాలి. రాకపోతే హెచ్, ఐ గడులు చూడండి, ఏది తప్పో తెలిసిపోతుంది. పాత పద్ధతిలో ఒకే గడి పెట్టి 15న దాన్ని 148 చేసి ఉంటే ఇదే బిల్లు 69,619 అయిపోయేది.

ముందు కౌంట్ ఎందుకంటే, ఎవరైనా తేమ గడిలో "9.2 శాతం" అని అక్షరాలతో కొట్టారనుకోండి. ఎక్సెల్ దృష్టిలో ఏ అక్షరమైనా ఏ అంకెకన్నా పెద్దదే. నేరుగా ఇఫ్(జి2>=12, "వాపసు"...) అని రాసి ఉంటే బాగా ఎండిన పిక్కల్ని కూడా వాపసు అనేది. ఖాళీ గడినేమో సున్నా అనుకుంటుంది.

రెండు షరతులు కలపాలంటే ఆండ్, ఏదో ఒకటి చాలంటే ఆర్. తేమ 8కి 10కి మధ్య ఉందా అని అడగడానికి 8<=జి2<=10 అని రాయకండి. స్కూలు లెక్కల పుస్తకంలో అది సరే. ఎక్సెల్‌లో మాత్రం ఎప్పుడూ ఫాల్సే వస్తుంది. ఇలా రాయాలి:

=ఇఫ్(ఆండ్(జి2>=8, జి2<=10), "మధ్యరకం", "")

9. ఎర్రర్ మూతలు ఆఖరున

ఫార్ములా రాయగానే ముందే ఇఫ్‌ఎర్రర్ (ఎర్రర్ వస్తే దాని బదులు ఖాళీయో ఒక మాటో చూపేది) తొడిగేసే అలవాటు నాకు నచ్చదు. అది అన్ని తప్పుల్నీ ఒకేలా దాచేస్తుంది. స్పెల్లింగ్ తప్పైనా, పట్టిక చెరిగిపోయినా ఖాళీ గడే కనిపిస్తుంది, అంతా బాగుందనుకుంటాం.

లెక్కలన్నీ సరిగా వస్తున్నాయని తేలాక, పేరు గడికి మాత్రం ఇఫ్‌ఎన్ఏ తొడగండి. అది "దొరకలేదు" అన్న ఒక్క ఎర్రర్‌నే పట్టుకుంటుంది:

=ఇఫ్(బి2="", "", ఇఫ్‌ఎన్ఏ(వీలుకప్(బి2, రైతులు!$ఎ$2:$డి$300, 2, ఫాల్స్), "కోడ్ లేదు"))

రేటు గడిలో ఎన్ఏ వస్తే రానివ్వండి. వరుస ఖాళీగా ఉన్నప్పుడు ఇబ్బందిగా ఉంటే దాని ముందు కూడా ఇఫ్(ఎ2="", "", ...) పెడితే సరిపోతుంది.

10. ఏ ఎర్రర్‌కి ఏం చూడాలి

- #ఎన్/ఎ: వెతికింది దొరకలేదు. దాగిన ఖాళీ, అంకె-అక్షరం తేడా, డాలర్లు, ఈ వరసలో చూడండి.
- #రెఫ్!: పట్టికలో నాలుగే కాలమ్‌లుంటే 5 అడిగారు, లేదా ఎవరో కాలమ్ డిలీట్ చేశారు.
- #నేమ్?: ఫంక్షన్ స్పెల్లింగ్ తప్పు, లేదా మాటకి రెండువైపులా కోట్స్ పెట్టలేదు. వాట్సాప్‌లో వచ్చిన ఫార్ములా అతికిస్తే వంకర కోట్స్ వస్తాయి, చెరిపి మళ్లీ కొట్టండి.
- #వాల్యూ!: అక్షరంతో గుణకారం చేయబోయారు.
- ఎర్రర్ లేదు, 0 వచ్చింది: వరుస దొరికింది, అందులో ఆ గడి ఖాళీ.
- ఎర్రర్ లేదు, పేరు తప్పు: చివర ఫాల్స్ ఉందో లేదో చూడండి.

పెద్ద ఫార్ములాలో ఏ ముక్క తప్పో తెలియకపోతే, కంప్యూటర్ ఎక్సెల్‌లో ఫార్ములా బార్‌లో ఆ ముక్కని మాత్రం ఎంచుకుని ఎఫ్9 నొక్కండి. దాని విలువ అక్కడే కనిపిస్తుంది. చూశాక ఎస్కేప్ నొక్కి బయటికి రండి. ఎంటర్ నొక్కితే ఫార్ములా పోయి ఆ విలువే నిలిచిపోతుంది.

11. ఎడమవైపు వెతకాలంటే

వీలుకప్ కుడివైపుకే చూస్తుంది. ఖాతా నంబరు చేతిలో ఉండి, అది ఎవరి కోడో కావాలంటే కుదరదు. అప్పుడు:

=ఇండెక్స్(రైతులు!$ఎ$2:$ఎ$300, మ్యాచ్(ఎల్2, రైతులు!$డి$2:$డి$300, 0))

ఎల్2 గడిని కూడా టెక్స్ట్ చేసి నంబరు కొట్టండి. రెండు పరిధులూ ఒకే వరుసలో మొదలై ఒకే వరుసలో ముగియాలి.

ఎక్సెల్ 2021, మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ షీట్స్ వాడేవాళ్లకి ఎక్స్‌లుకప్ ఉంది. అది ఎటైనా చూస్తుంది, చివర ఏమీ రాయకపోతే అచ్చంగా అదే వెతుకుతుంది. చాలా హాయి. కానీ ఎక్సెల్ 2016, 2019లో లేదు. కొట్టులో ఒక కంప్యూటర్, ఆడిటర్ దగ్గర పాత ఎక్సెల్ ఉంటే వీలుకప్, ఇండెక్స్‌లతోనే నడపండి.

12. కాటా మొదలుపెట్టే ముందు

☐ పట్టికలో ఉన్న ఒక కోడ్, లేని ఒక కోడ్ కొట్టి చూశాను.
☐ తేమ 7.9, 8, 9.99, 10, 12 కొట్టి తరుగు చూశాను.
☐ రేటు మారిన రోజు, దాని ముందు రోజు తేదీలు కొట్టి రేటు చూశాను.
☐ ఒక బిల్లు క్యాలిక్యులేటర్ మీద కట్టి, షీటుతో సరిచూశాను.
☐ చిట్టచివరి వరుసలో ఫార్ములా తెరిచి, పట్టిక జారలేదని చూశాను.
☐ తేమ గడికి డేటా వాలిడేషన్‌లో 1 నుంచి 30 మధ్య అంకె మాత్రమే అని పెట్టాను.
☐ చేత్తో నింపే ఐదు కాలమ్‌లకి ఫార్మాట్ సెల్స్‌లో లాక్డ్ టిక్ తీసేసి, రివ్యూ మెనూలో ప్రొటెక్ట్ షీట్ పెట్టాను.

సాయంత్రం కాటా మూసేటప్పుడు ఆ రోజు వరుసల్లో "చూడాలి", "కోడ్ లేదు" ఉన్నాయేమో ఫిల్టర్ పెట్టి చూడండి. రైతు ఇంకా అక్కడే ఉండగా అడిగి సరిచేసుకుని, ఆ తర్వాతే చీటీ ప్రింటు ఇవ్వండి.